బిడ్డల మెదడు, వెన్నుపాములకు వచ్చు అరుదైన వ్యాధులు – శస్త్రచికిత్స

కంటిజబ్బులు, పంటిజబ్బులు, రక్తహీనత మున్నగువానిని గూర్చి తలిదండ్రులకు చెప్పువారు చాలమంది కలరు. ఈ సంచికలో మేము తఱచుగా ఎవరును ముట్టని విషయమును తీసికొంటిమి. వేలమందిలో ఒకరికి వచ్చు వ్యాధిని వైద్యులు అరుదైనదందురు. కాని ఆ యొక్కరు మన యింటి బిడ్డయైనప్పుడు ఆ యింటికది అరుదు కాదు, సర్వమును అదియే.

తలకు వచ్చిన జబ్బును తలవ్రాతతో కలిపి చూచుట మనలో పాతవాడుక. పసిబిడ్డ తల పెరిగిన గ్రహదోషమనియు, నడుముమీద వెండ్రుకల కుచ్చు ఉన్న అదృష్టచిహ్నమనియు, ఎనిమిదేండ్ల పిల్ల మరల పక్క తడిపిన సోమరితనమనియు అనుకొని నెలలును, ఏండ్లును గడపుదుము. ఇవి కొన్నివేళల శస్త్రవైద్యుడు సరిచేయదగిన లోపముల గుర్తులు. సరిచేయుటకు ఒక సమయము కలదు. ఆ సమయము దాటిన పిమ్మట ఎంత గొప్ప ఆసుపత్రికి పోయినను, పోయిన బలము మరల రాకపోవచ్చును. ఈ వ్యాసము వ్రాయుటకు ఇదియే కారణము. వైద్యుని పని మేము చేయబూనలేదు. ఎప్పుడు వైద్యుని యొద్దకు పోవలెనో, అచ్చట ఏమి జరుగునో చెప్పుటయే మా యుద్దేశము.

మెదడు, వెన్నుపాము, వానిని తడుపు నీరు

మెదడు కపాలమను గట్టి పెట్టెలో ఉన్నది. దాని క్రింది కొననుండి బయలుదేరిన వెన్నుపాము వెన్నుపూసల నడిమి గొట్టములో నడుము పైభాగము వరకు దిగును. మెదడు ఆజ్ఞలు చేతులకును, కాళ్లకును, మూత్రాశయమునకును పోవుటయు, చర్మమునకు తగిలిన వేడి, చలి, నొప్పి మెదడునకు చేరుటయు ఈ దారినే.

మెదడులోపల నాలుగు గదులున్నవి. వానిలో స్ఫటికమువలె తేటయైన నీరు ఊరుచుండును. ఆ నీరు సన్నని కాలువల గుండ బయటికి వచ్చి, మెదడును, వెన్నుపామును చుట్టి, తుదకు రక్తములో కలియును. పెద్దవారిలో దినమునకు సుమారు అర లీటరు ఊరును. కాని ఏ వేళనైనను నిలువయుండునది సుమారు 150 మిల్లీలీటర్లు మాత్రమే. అనగా దినమునకు మూడుసార్లకు పైగా పాతనీరు పోయి క్రొత్తనీరు వచ్చును.

ఈ యేర్పాటు తెలిసినచో తక్కినది సులభముగ బోధపడును. మేమిచ్చట చెప్పబోవు వ్యాధులన్నియు నాలుగు విధములైన ఇబ్బందులలోనికి వచ్చును. నీరు నిలుచుట, వెన్నుపాము లాగబడుట, ఎముక నొక్కుట, రక్తము చాలకుండుట – ఇవియే ఆ నాలుగు.

నీరు నిలుచుట

మెదడుగదులలోని కాలువ పుట్టుకతోనే మూసికొనియుండవచ్చును. మెదడుపొరల వాపు, రక్తస్రావము, గడ్డ మున్నగువానివలన తరువాతనైనను మూసికొనవచ్చును. నీరు ఊరుట ఆగదు; పోవు దారి లేదు. గదులు ఉబ్బి మెదడును కపాలమునకు ఒత్తును. పసిబిడ్డలలో కపాలపుటెముకలు ఇంకను అతుకుకొనియుండవు గనుక తలయే పెరుగును. మాడు ఉబ్బి బిగిసియుండును; తలమీది నరములు తేలును; కనుగ్రుడ్లు క్రిందికి వాలి పైభాగమున తెల్లగ్రుడ్డు కనబడును. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణముగ 33 మొదలు 35 సెంటీమీటర్లుండి, మొదటి యేడు నిండునప్పటికి సుమారు 12 సెంటీమీటర్లు పెరుగును. టీకాలు వేయించునప్పుడెల్ల ఒక టేపుతో తల కొలిపించి వ్రాసికొన్నచో తేడా వెంటనే తెలియును. ఈ పరీక్షకు ఖర్చు లేదు. బడికి వచ్చు వయసు పిల్లలలో తల పెరుగజాలదు; కావున ఉదయపు తలనొప్పి, వాంతులు, చూపు మసకబారుట, నడక తూలుట, చదువులో వెనుకబడుట గుర్తులగును.

దీనికి చికిత్స ముఖ్యముగ రెండు విధములు. మొదటిది గొట్టము వేయుట. మెదడుగదిలోనికి సన్నని మెత్తని గొట్టమును పంపి, చర్మముక్రిందుగ మెడ, ఱొమ్ముల మీదుగ కడుపులోనికి దింపుదురు. ఎక్కువైన నీరు కడుపులోనికి పోయి అచ్చట ఇంకిపోవును. నడుమ ఒక చిన్న కవాటముండి నీటిని ఒకే వైపునకు, తగిన ఒత్తిడి కలిగినప్పుడు మాత్రమే పోనిచ్చును. ఈ కవాటము చరిత్రలో ఒక తండ్రి కలడు. అమెరికాలో జాన్ హోల్టర్ అను నతడు తాళముల కంపెనీలో పనిచేయు యంత్రపుపనివాడు. 1955లో అతనికి పుట్టిన కుమారునికి వెన్నులోపముతో పాటు తలలో నీరు చేరెను. అప్పటి గొట్టములు తఱచుగా మూసికొనిపోవుట చూచి, ఆ తండ్రి తన పనితనమునంతయు వినియోగించి సిలికోనుతో కవాటమును చేసెను. ఫిలడెల్ఫియా నగరపు శస్త్రవైద్యుడు యూజీన్ స్పిట్జ్ 1956 మొదలు దానిని వాడుకలోనికి తెచ్చెను. నేడు మనదేశములో కూడ ఇట్టి గొట్టములు తయారగుచున్నవి. ఉత్తరప్రదేశములోని షాజహానుపురమున చేయు ఛాబ్రా గొట్టము విదేశపు గొట్టములకంటె చాల చవుక. పేదబిడ్డలకు చికిత్స అందుబాటులోనికి వచ్చుటకు ఇది యొక ముఖ్యకారణము.

రెండవది గొట్టము లేని మార్గము. తలకు చిన్న రంధ్రముచేసి, కొనయందు దీపమును, కెమేరాయు గల సన్నని దుర్భిణిని మెదడుగదిలోనికి పంపి, మూడవగది అడుగున చిన్న ద్వారము చేయుదురు. మూసికొన్న కాలువను తప్పించి నీరు ఆ ద్వారమున పోవును. బోస్టను నగరమున విలియం మిక్స్టర్ 1923లోనే దీనిని ప్రయత్నించెను. కాని మంచి దుర్భిణులు వచ్చిన తరువాతనే ఇది వ్యాపించెను. కాలువ మూసికొన్న పెద్దపిల్లలకు ఇది బాగుగ పనిచేయును. ఆరునెలలలోపు పసికందులలో తఱచుగా విఫలమగును. ఎవరికేది తగునో వైద్యుడు చెప్పవలెను.

గొట్టము వేసిన బిడ్డల తలిదండ్రులు ఒక సంగతి మరువరాదు. గొట్టము ఒకసారి వేసిన జన్మాంతము పనిచేయుననుకొనరాదు. చాలమంది బిడ్డలకు మొదటి రెండేండ్లలోపలనే అది మూసికొనుటయో, చెడుటయో జరుగును. తలనొప్పి, వాంతులు, మగత కలిసి వచ్చినచో గొట్టము మూసికొన్నదేమో యని మొదట అనుమానింపవలెను. జ్వరము, గొట్టము దారిలో ఎఱ్ఱదనము కనబడిన చీము పట్టినదేమో చూపింపవలెను. పైత్యమని, ఎండదెబ్బయని ఒక రాత్రి ఆగుటయే ప్రాణాపాయము కావచ్చును.

వెన్నుపాము లాగబడుట

గర్భము ధరించిన మొదటి 28 దినములలోనే బిడ్డ వెన్నుపాము గొట్టమువలె మూసికొనును. అప్పటికి చాలమంది తల్లులకు తాము గర్భవతులమని కూడ తెలియదు. ఆ మూత సరిగా పడనిచో బిడ్డ వీపున పొరతిత్తితో, కొన్నివేళల నరములు బయటికి కనబడుచు పుట్టును. ఇట్టి బిడ్డకు పుట్టిన ఒకటి రెండు దినములలోనే ఆ భాగమును మూసి కుట్టవలెను. లేనిచో చీము మెదడుపొరల కెక్కును. అమెరికాలో 2011లో ప్రకటింపబడిన పరిశోధనలో గర్భస్థశిశువునకే, 26 వారములు నిండకమునుపు, శస్త్రచికిత్స చేసి చూచిరి. పుట్టిన పిమ్మట చికిత్స పొందిన బిడ్డలలో నూటికి 82 మందికి తలలో గొట్టము వేయవలసి రాగా, గర్భములోనే చికిత్స పొందినవారిలో అది 40కి తగ్గెను. కాని నెలలు నిండక ప్రసవించుట మున్నగు చిక్కులు తల్లికిని, బిడ్డకును ఎక్కువాయెను.

ఈ లోపమును చాలవరకు రాకుండ చేయవచ్చును. ఫోలిక్ ఆమ్లమను విటమినును గర్భము ధరింపకముందునుండియే తీసికొన్నచో, ఇట్టి బిడ్డను ఒకసారి కన్న తల్లులలో లోపము మరల వచ్చుట నూటికి 72 వంతులు తగ్గునని 1991లో బ్రిటిషు పరిశోధకులు నిరూపించిరి. సాధారణముగ స్త్రీలకు దినమునకు 400 మైక్రోగ్రాములు చాలును. ఇదివఱకు ఇట్టి బిడ్డను కన్నవారికి 4 మిల్లీగ్రాముల మాత్ర అవసరము. దానిని వైద్యుని సలహాపై వాడవలెను. మన యిండ్లలో వివాహమైన ఆడపిల్లలకు సారె పెట్టునప్పుడు ఈ మాటకూడ చెప్పి పంపుట మంచిది. గర్భమని తెలిసిన తరువాత మొదలుపెట్టిన ఆలస్యమగును.

పైకి చర్మము మూసికొనియుండి లోపల లోపముండుటయు కలదు. అప్పుడు వెన్నుపాము క్రిందికొన క్రొవ్వుగడ్డకో, బిగిసిన తంతువునకో కట్టుపడియుండును. బిడ్డ పొడవు పెరుగుకొలది వెన్నెముక సాగును. కట్టుపడిన వెన్నుపాము పైకి జరుగజాలదు. గుంజకు కట్టిన పలుపు బిగిసినట్లు అది బిగియును. నడుము నడుమ వెండ్రుకల కుచ్చు, మెత్తని గడ్డ, ఎఱ్ఱమచ్చ, పిరుదుల గాడికి పైగా లోతైన గుంట ఇట్టి లోపమునకు బయటి గుర్తులు. లోపలి గుర్తులు తరువాత వచ్చును. ఒక పాదము రెండవదానికంటె చిన్నదగుట, మడమ వంకరపోవుట, తఱచుగా తూలిపడుట, వెన్ను వంగుట, నడుమునొప్పి మొదలగునవి కనబడును. అన్నిటికంటె ముఖ్యమైనది, పక్క తడుపుట మానిన బిడ్డ మరల తడుపుట.

పక్క తడుపు పిల్లలందరికిని ఈ వ్యాధి యున్నదని భయపడరాదు. చాలమందికి అది వయసుతో పోవును. కాని మానినది మరల మొదలైనను, పగలుకూడ తడిసినను, మలబద్ధమో కాళ్ల బలహీనతయో తోడైనను నడుమును చూపింపవలెను. అట్టి బిడ్డను కొట్టుటవలనను, నలుగురిలో నవ్వుటవలనను ప్రయోజనము లేదు. ఎమ్.ఆర్.ఐ. స్కాను తీసిన సంగతి తేలును. శస్త్రవైద్యుడు సూక్ష్మదర్శినిలో చూచుచు, ఏ తంతువు నరమో ఏది కాదో విద్యుత్తుతో పరీక్షించి, కట్టును మాత్రము తెంచును. నొప్పి సామాన్యముగ తగ్గును, బలము నిలుచును, మూత్రముపై అదుపు ఎంత త్వరగా వచ్చి చికిత్స పొందిన అంత మేలు. ఆలస్యమైన పిమ్మట ఆ అదుపు తిరిగి వచ్చునని ఎవరును హామీ ఇయ్యజాలరు.

ఎముక నొక్కుట

కపాలమునకు, మెడకు నడుమనున్న చోటు మిక్కిలి ఇరుకైనది. కొందరిలో చిన్నమెదడు క్రిందిభాగము ఆ ద్వారమునుండి మెడలోనికి జారియుండును. ప్రేగునగరమున హాన్స్ కియారీ అను వైద్యశాస్త్రజ్ఞుడు 1891లో దీనిని వర్ణించెను. వ్యాధికి అతని పేరే నిలిచెను. దగ్గినను, తుమ్మినను, బరువెత్తినను తలవెనుక పోటు వచ్చుట దీని గుర్తు. నీటి రాకపోకలు చెడి కొందరిలో వెన్నుపాము నడుమ నీటితిత్తి ఏర్పడును. అప్పుడొక వింత జరుగును. చేతులకు స్పర్శ తెలియును గాని వేడియు, నొప్పియు తెలియవు. అన్నపుగిన్నె దింపునప్పుడు చేయి కాలి బొబ్బ లేచినను ఆ పిల్లకు తెలియదు. కాలిన మచ్చలు మరల మరల కనబడిన అజాగ్రత్తయని మందలింపక, వేడి తెలియుచున్నదో లేదో అడిగి చూడవలెను. వెన్ను ప్రక్కకు వంగుటయు దీనివలన కలుగవచ్చును. చికిత్సలో తలవెనుక క్రిందియెముక కొంత తీసి, మెడ మొదటిపూస వెనుక విల్లును తొలగించి, మెదడుపొరను వెడల్పుచేసి కుట్టుదురు. నీటికి దారి ఏర్పడిన పిమ్మట తిత్తి సాధారణముగ చిన్నదగును.

మెడలోని మొదటి రెండు పూసల కీలు వదులగుట మనదేశపు ఆసుపత్రులలో వైద్యులు బాగుగ ఎఱిగిన మఱియొక లోపము. పొట్టి మెడ, వెనుక జుట్టు మిక్కిలి క్రిందికి దిగియుండుట, తల ఒకవైపునకు వంచియుండుట కొందరిలో గుర్తులు. ఇట్టివానికి చిన్నదెబ్బ తగిలినను కాలుసేతులు పడిపోవచ్చును. క్షౌరశాలలో తలమర్దన చేసి మెడను చటుక్కున త్రిప్పు అలవాటు మన ప్రాంతములలో ఉన్నది. అది ఎవరికిని మంచిది కాదు. ఇట్టి మెడగలవారికి మహాప్రమాదము. పిల్లలకు ఎన్నడును చేయింపరాదు. చికిత్సలో ఆ రెండు పూసలను మరలతోను, పలకలతోను బిగింతురు. ముంబయి నగరపు కె.ఇ.ఎమ్. ఆసుపత్రిలో డాక్టరు అతుల్ గోయెల్ 1994లో ప్రకటించిన పద్ధతి ఇతరదేశములలోను అనుసరింపబడుచున్నది.

ఈ శీర్షికక్రింద మన తెలుగువారికి సంబంధించిన వ్యాధి యొకటి కలదు. త్రాగునీటిలో ఫ్లోరైడు మిక్కుటమైనచో ఏండ్లు గడచుకొలది ఎముకలు మందమై, కీళ్లు బిగిసి, వెన్నుపూసల గొట్టము ఇరుకై వెన్నుపాము నలుగును. మనదేశములో దీనిని మొదట శాస్త్రీయముగ వర్ణించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. షార్టు, పండిట్, రాఘవాచారి అనువారు ఆ పని చేసిరి. తరువాత నల్లగొండ మున్నగు జిల్లాల రోగులను హైదరాబాదులో డాక్టరు డి. రాజారెడ్డి వంటి నాడీశస్త్రవైద్యులు పరిశీలించి చికిత్స చేసిరి. మనము నివసించు కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతపు భూగర్భజలములోను ఫ్లోరైడు కలదు. హొగేనకల్ నుండి కావేరినీటిని తెచ్చు పథకము 2013లో అమలులోనికి వచ్చుటకు ముఖ్యకారణమిదియే. ఎముకతొలచి ఒత్తిడి తీయు శస్త్రచికిత్స కొందరికి మేలుచేయును. కాని రాయివలె గట్టిపడిన ఎముకను తొలచుట కష్టము, ఫలితము పరిమితము. ఈ జబ్బునకు మంచినీరే మందు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీరు త్రాగతగదు. బోరునీరు త్రాగు ఇండ్లవారు పరీక్ష చేయింపవలెను. కాచిన నీటిలో ఫ్లోరైడు తగ్గదని గుర్తుంచుకొనవలెను.

రక్తము చాలకుండుట

మెదడునకు రక్తము తెచ్చు పెద్ద నాళములు కొందరు పిల్లలలో క్రమముగ మూసికొనును. లోటు తీర్చుటకు సన్నని నాళములు గుంపుగ పుట్టును. నాళచిత్రములో అవి పొగ లేచినట్లు కనబడును గనుక జపానువైద్యులు సుజుకి, తకాకు 1969లో దీనికి మోయమోయ యను పేరు పెట్టిరి. బిడ్డ గట్టిగ ఏడ్చినప్పుడు, బుడగ ఊదినప్పుడు, వేడి పదార్థమును ఊదుకొని తినునప్పుడు ఒక చేయియో కాలో కొద్దినిమిషములు పడిపోయి మరల వచ్చును. మాట తడబడవచ్చును. వచ్చిపోయినదే గదా యని ఊరకుండరాదు; అది రాబోవు పక్షవాతమునకు హెచ్చరిక. తలచర్మపు నాళము నొకదానిని మెదడునాళమునకు కుట్టుటయో, మెదడుపై పఱచుటయో చేసి రక్తమునకు క్రొత్తదారి కల్పింతురు. ఇట్లు నాళమును నాళమునకు కుట్టు పద్ధతిని జూరిచ్ నగరమున యాసర్గిల్ 1967లో ప్రారంభించెను.

చికిత్స ఎచ్చట, ఎట్లు

నాడీశస్త్రవైద్యమునకు దక్షిణదేశమే మన పుట్టినిల్లు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ యొద్ద శిక్షణపొందిన డాక్టరు జేకబ్ చాందీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మనదేశపు మొదటి విభాగమును నెలకొల్పెను. మరుసటియేట డాక్టరు బి. రామమూర్తి మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ఆరంభించెను. బెంగుళూరులో 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ సంస్థ హోసూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఆ తొలిదినములలో మెదడుగదులను చూచుటకు వానిలోనికి గాలిని పంపి ఎక్స్‌రే తీసెడివారు. రోగికి అది పెద్దబాధ. 1971లో మొదటి సి.టి. స్కాను, తరువాత ఎమ్.ఆర్.ఐ. వచ్చినవి. నేడు కత్తి పట్టకముందే వైద్యునికి లోపల ఏమున్నదో తెలియును.

తలను తెఱచుట యనగనే భయము సహజము. రోగి మత్తులో ఉండును గనుక కోత తెలియదు. మెదడునకు తనకై నొప్పి తెలియు శక్తియే లేదు. శస్త్రచికిత్స తరువాత తలనొప్పి, గాయపునొప్పి ఉండును, వానికి మందులున్నవి. అపాయము లేదని మాత్రము మేము చెప్పజాలము. రక్తస్రావము, చీము, నీరు కారుట, బలహీనత, అరుదుగ మరణము – ఇవి నిజమైనవే. చేయించుటలోని అపాయమును చేయింపకుండుటలోని అపాయముతో తూచి చూచుటయే వివేకము. స్కానులో కనబడిన ప్రతిలోపమునకు కత్తి అవసరము కాదు. కియారీ లోపముండియు ఏ బాధయు లేనివారిని వైద్యులు ఊరక కనిపెట్టి చూచుట కలదు.

భాష విషయము

మనవంటి అల్పసంఖ్యాక భాషలవారికి ఆసుపత్రిలో మఱియొక కష్టము కలదు. మన బాధ మన భాషలో పుట్టును. వినువారు తమిళమో, కన్నడమో, ఇంగ్లీషో మాటలాడుదురు. మనము కండ్లు తిరుగుచున్నవందుము. తమిళులును, కన్నడిగులును తల తిరుగుచున్నదందురు. మాటకు మాట మార్చి చెప్పినచో కంటిజబ్బని వ్రాసికొనవచ్చును. తిమ్మిరి యన్న మనకు నరముల మొద్దుదనము. వాడుక తమిళములో దానికి దగ్గఱగ ధ్వనించు మాటకు పొగరని అర్థము. ఇట్టి చిన్న పొరపాట్లు ఈ వ్యాధులలో పెద్దవగును. ఏలయన ఇచ్చట రోగనిర్ణయము సగము రోగి మాటలమీదనే ఆధారపడియున్నది.

కావున బయలుదేరకముందే ఒక కాగితముపై ఏ గుర్తు ఏ నెలలో మొదలైనదో, పెరుగుచున్నదో తగ్గుచున్నదో వరుసగ వ్రాసికొనవలెను. నడకయో, కొద్దినిమిషముల బలహీనతయో ఫోనులో చిత్రము తీసి చూపిన మాటల అవసరమే తగ్గును. తిమ్మిరి యను మాటకు బదులు చేయి చూపి, ఈ భాగమున సూది గ్రుచ్చినను తెలియదని చెప్పవలెను. అచ్చటి భాష బాగుగ వచ్చిన బంధువునొకరిని తోడు తీసికొనిపోవలెను. బడిపిల్లవానినే దుబాసిగ చేసి వాని జబ్బును వానిచేతనే చెప్పించుట తగదు. సమ్మతిపత్రముపై వ్రాలు చేయకముందు దానిని తెలుగులో చదివి వినిపించుమని కోరుటకు సంకోచింపరాదు.

వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు అయిదు. ఈ వ్యాధి పేరేమి? చికిత్స చేయింపకున్న ఏమగును? ఆరునెలలు ఆగవచ్చునా? ఈ చికిత్సవలన పోవు బాధలేవి, పోనివి ఏవి? ఇంటికి వచ్చిన పిమ్మట ఏ గుర్తు కనబడిన పరుగెత్తి రావలెను? ఈ ప్రశ్నలకు విసుగుకొను మంచివైద్యుడు లేడు.

ఖర్చు, బడి

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమముక్రింద పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు పిల్లలను పరీక్షించి, వెన్నులోపము మున్నగు జన్మలోపములకు పై ఆసుపత్రులకు ఉచితముగ పంపుటకు ఏర్పాటు కలదు. బడికి పరీక్షాబృందము వచ్చిన దినమున బిడ్డను మాన్పింపక పంపవలెను. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమునకు అర్హులైనవారు కార్డును ముందే సిద్ధము చేసికొనవలెను. ఆపదలో కాగితములకు తిరుగుట దుస్సాధ్యము. భూమి తాకట్టు పెట్టి ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తకముందు ప్రభుత్వ సంస్థల అభిప్రాయమును పొందుట మేలు.

చికిత్సతో కథ ముగియదు. కాళ్లు బలహీనమైన బిడ్డకు వ్యాయామచికిత్సయు, మూత్రముపై అదుపు లేని బిడ్డకు వేళప్రకారము శుభ్రమైన గొట్టముతో మూత్రము తీసికొనుటయు నేర్పవలెను. ఇవి ఏండ్లతరబడి సాగవలసినవి. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము నూటికి 40 వంతులు, అంతకు మించిన వైకల్యముగల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్యను హక్కుగ ఇచ్చెను.

మా వంతు మేము చేయవలెను గదా. తలలో గొట్టమున్న బిడ్డయో, వెన్నుకు చికిత్సయైన బిడ్డయో మన బడిలో చేరినప్పుడు తలిదండ్రులు దాచక తరగతి ఉపాధ్యాయునితో చెప్పవలెనని మా కోరిక. దాచినచో మధ్యాహ్నము వాంతి చేసికొన్న బిడ్డను మేము నిమ్మరసమిచ్చి పండుకొనబెట్టుదుము. తెలిసినచో వెంటనే ఆసుపత్రికి పంపుదుము. ఆ తేడాయే ప్రాణము. ఇట్టి బిడ్డలలో చాలమంది చదువుదురు, ఆడుదురు, పెద్దవారై ఉద్యోగములు చేయుదురు. తలకు గట్టిదెబ్బ తగులు ఆటలను మాత్రము వైద్యుని అడిగి నిర్ణయింపవలెను.

పెండ్లి సంబంధములకు అడ్డువచ్చునని ఆడపిల్లల జబ్బును దాచు ఇండ్లు ఇంకను కలవు. దాచిన జబ్బు పెరుగునేగాని తరుగదు. నడువగలిగిన పిల్ల నడువలేనిదైన పిమ్మట దాచుటకేమియు మిగులదు. ఈ సంచిక చదివిన రాత్రి ప్రతితల్లియు తన బిడ్డను బోరగిల పండుకొనబెట్టి నడుమునొకసారి చూచి, పాదములను రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి సరిపోల్చినచో, మా శ్రమ ఫలించినట్లే. వేలకొలది ఇండ్లలో ఏమియు కనబడదు. కనబడిన ఒక్క యింటివారు మరునాడే బయలుదేరుదురు గాక.